దగ్గర పనికి తీసిన కళ్ళజోడు

హలో, వినిపిస్తోందా? అందరూ కులాసాయేనా? భోజనాలయ్యాయా? అయితే కాస్త తీరిగ్గా కూర్చోండి. ఇంట్లో పిల్లలుంటే ఓ గంట బయట ఆడుకోమని పంపించెయ్యండి. ఈ కథ పెద్దవాళ్ళ కోసం. పైగా వాళ్ళు బయట ఆడుకుంటే మంచిదే, ఎందుకో మీకే తెలుస్తుంది.

ఒక లాండ్రీ షాపు ఉంది. ముందు గదిలో ఇస్త్రీ బల్లలు, ఆవిరి, వరసగా వేలాడే కోట్లు. వెనక గదిలో ఒక కిటికీ, కిటికీని ఆనుకుని ఒక బల్ల, ఆ బల్ల దగ్గర ఒకావిడ. ఆవిడ పని రఫ్ఫు చెయ్యడం. అందుకే వీధి వీధంతా ఆవిణ్ణి రఫ్ఫు అక్క అంటుంది.

రఫ్ఫు అంటే అతుకు వెయ్యడం కాదు. ఆ బట్ట లోపలి మడతలోంచే పోగులు లాగి, నిప్పు పడి కాలిన చోటో పురుగు కొట్టిన చోటో నిలువూ అడ్డమూ మళ్ళీ నేసినట్టు కలిపెయ్యడం. పని అయ్యాక చిరుగు ఎక్కడుండేదో బట్ట సొంతదారే వెతుక్కోవాలి. అలా వెతుక్కోలేక, "అసలు ఈ కోటు నాదేనా?" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు.

ఆవిడవి సోడాబుడ్డి అద్దాలు. దూరం చూపు బాగా తక్కువ. అయితే పనిలో కూర్చునే ముందు ఆ కళ్ళజోడు తీసి పక్కన పెట్టేది. బట్టని ముక్కుకి తగిలేంత దగ్గరగా తెచ్చుకునేది. అంత దగ్గరలో మనలాంటి వాళ్ళకి చూపు ఆనదు. ఆవిడకి మాత్రం ఒక్కో పోగూ తాడంత లావుగా కనిపించేది.

"అమ్మాయ్, కుడుతున్నావా, వాసన చూస్తున్నావా?" అనేవాడు షాపు ఓనరు. ఆయన్ని ఆవిడ బాబాయి అని పిలిచేది.

"రెండూను బాబాయ్. ఈ కోటాయన సిగరెట్ మానేశానని ఇంట్లో అబద్ధం చెబుతున్నాడు."

ఆవిడకి ఈ పని నేర్పిన ముసలాయన చూపు కూడా ఇలాంటిదే. అప్పటిదాకా ఆవిడ చిన్నతనమంతా వెక్కిరింపులే. బళ్ళో నల్లబల్ల కనపడదు, ఆటల్లో బంతి కనపడదు, ఎదురొచ్చిన మేనత్తనే పలకరించలేదని పొగరుబోతన్నారు. అలాంటి పిల్ల ముఖం చేతుల్లోకి తీసుకుని ఆ ముసలాయన, "నీ కళ్ళు ఈ పని కోసమే పుట్టాయే పిల్లా. దగ్గర పనికి కళ్ళజోడు తీసెయ్, నీకెవరూ సాటిరారు," అన్నాడు. తన కళ్ళ గురించి ఎవరైనా ఒక మంచిమాట అనడం అదే మొదలు. ఆ మాట ఆవిడ ఎముకల్లోకి ఇంకిపోయింది.

అయితే ఇప్పుడు ఆవిడకి పనిచేసేది ఒక్క కన్నే. కొన్నేళ్ళ కిందట ఒక పొద్దున్న ఎడమ కంటి ముందు వెంట్రుక పడ్డట్టనిపించింది. తోసేస్తే పోలేదు. మర్నాటికి పక్కనుంచి నల్లటి తెర ఒకటి మెల్లగా జరగడం మొదలెట్టింది. చేతిలో తొందర పని ఉంది, అది ఇచ్చేశాక చూపించుకుందామనుకుంది. ఆస్పత్రికి వెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. కళ్ళజోడు నంబరు బాగా ఎక్కువున్న కన్ను పొడుగ్గా సాగి ఉంటుందట, వెనక పొర పల్చబడుతుందట. ఆ పొర ఊడిపోయిందన్నారు. ఆపరేషన్ చేసినా ఆ కంటికి చూపు తిరిగి రాలేదు.

చిన్నపిల్లని భయపెట్టడం ఎందుకని కూతురితో మాత్రం, "అమ్మ ఎడమ కన్ను రెస్టు తీసుకుంటోందే," అని చెప్పి ఊరుకుంది.

ఆ కూతురు పేరు మనకెందుకు గానీ, ఎప్పుడూ పెన్సిలు ముందు పళ్ళతో కొరుకుతుంటుందని ఇంట్లో అందరూ ఉడత అనేవాళ్ళు. బడికి వెళ్ళిన కొత్తలోనే ఉడతకి కళ్ళజోడొచ్చింది. ఆ తర్వాత కళ్ళ పరీక్షకి వెళ్ళిన ప్రతిసారీ నంబరు పెరిగింది. వెళ్ళొచ్చిన రోజు రఫ్ఫు అక్కకి ముద్ద దిగేది కాదు. పిల్ల నిద్రపోతుంటే దాని ఎడమ రెప్ప మీద వేలు ఆనించి కూర్చునేది.

భర్త సిటీ బస్సు నడుపుతాడు. ఆయన చూపు గద్ద చూపు. "వీధి చివరున్న బస్సు నంబరు నేను చదువుతాను, ఎదురుగా ఉన్న మొగుణ్ణి నువ్వు గుర్తుపట్టవు. మధ్యన ఆ పిల్ల నీ వైపు దూకిందేమే," అని ఉడికించేవాడు. నంబరు మూడు దాటినరోజు మాత్రం ఆయన కూడా ఆ మాట అనలేదు.

కళ్ళాసుపత్రిలో అక్షరాలు చదివించే అమ్మాయిని ఉడత అక్షరాలక్క అని పిలిచేది. ఆ అమ్మాయే ఈ కొత్తరకం అద్దాల సంగతి చెప్పింది.

"చూడండమ్మా, మామూలు అద్దం దూరం కనపడేలా చేస్తుంది, అంతే. ఇది దాంతోపాటు కన్ను సాగే వేగాన్ని తగ్గించడానికి. మధ్యలో మామూలుగానే ఉంటుంది. దాని చుట్టూ వందలకొద్దీ చిన్న చిన్న చుక్కల్లాంటి లెన్సులుంటాయి."

"ఉన్న నంబరు తగ్గుతుందా తల్లీ?"

"తగ్గదమ్మా. పెరగడం నెమ్మదిస్తుంది. అది కూడా అందరికీ ఒకేలా ఉండదు. ఇప్పుడు ఆపగలిగినంత ఆపితే పెద్దయ్యాక ప్రమాదం తగ్గుతుంది. పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా పెట్టుకోవాలి. రోజూ బయట వెలుతురులో ఆడుకోవాలి, దానివల్ల కూడా నంబరు నెమ్మదిస్తుంది. మరిచిపోరుగా?"

"ఎలా మరిచిపోతానమ్మా?" అంది రఫ్ఫు అక్క. మనసులో మాటే అంది.

అద్దాలు వచ్చినరోజు వెనక గదిలో కిటికీ దగ్గర నిలబడి వాటిని ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూసింది. ఏటవాలుగా పట్టుకుంటే వెలుతురులో చుక్కలు కనిపించాయి. ఎవరో సూది మొనతో వరసలు వరసలుగా పెట్టినట్టున్నాయి. ఆవిడ చాలాసేపు వాటిని అలాగే చూసింది.

"ఎవరు చేశారో గానీ చెయ్యి తిరిగినవాళ్ళు బాబాయ్," అంది.

"మిషన్ చేస్తుందే పిచ్చిమొహమా."

"అయితే మిషన్‌కే దణ్ణం పెట్టుకుంటాను."

ఆ రోజు నుంచి ఆ కళ్ళజోడుకి జరిగిన మర్యాద ఇంతా అంతా కాదు. మెత్తటి గుడ్డతో ఒక సంచీ కుట్టింది. బల్ల మీద ఒక చోటు కేటాయించింది. చుక్కల మీద గీత పడితే పనిచెయ్యవేమోనని భయం. ఉడత కూడా తల్లికి తగ్గ కూతురే. అద్దం మీద వేలు పడనిచ్చేది కాదు.

బడి అయిపోగానే ఉడత షాపుకి వచ్చేసేది. ఇస్త్రీ బల్లల మధ్యనుంచి దూరి, వెనక గదిలో తల్లి పక్కనున్న ముక్కాలి పీట ఎక్కి కూర్చునేది. రోజంతట్లో వాళ్ళిద్దరికీ ఇష్టమైన వేళ అదే. తల్లి కళ్ళజోడు తీసేది. పిల్లా తనది తీసి సంచీలో పెట్టేది. ఒకే గుడ్డ మీదకి రెండు తలలూ వంగేవి. ఒకరి జుట్టు ఇంకొకరి జుట్టులో కలిసిపోయేది.

"పోగు కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. నీకూ?"

"నాకు దాని మీదున్న నూగు కూడా కనిపిస్తోంది."

"నాకు నూగు కనపడట్లేదమ్మా," అనేది ఉడత దిగులుగా.

"నీ కళ్ళు ఇంకా చిన్నవి కదే. కనపడుతుందిలే."

చూశారా, ఈ మాట ఎంత మామూలుగా అనేసిందో. ఆ ముసలాయన తన ముఖం పట్టుకుని చెప్పిన మాటనే ఆవిడ కూతురికి ముద్దుగా అందించింది. దగ్గర పనికి కళ్ళజోడు తియ్యడం ఆవిడకి ఊపిరి పీల్చడం లాంటిది. అది నియమం తప్పడమని ఎలా తోస్తుంది? అక్షరాలక్క "ఎప్పుడూ పెట్టుకోవాలి" అంటే, ఆవిడకి వినపడింది "చూడాల్సినప్పుడల్లా" అని. దగ్గరవి అద్దాలు లేకుండానే పిల్లకి చక్కగా కనిపిస్తున్నాయి కదా.

అలా ఉడత బొమ్మలు వేసేటప్పుడు తీసేది. హోంవర్కు చేసేటప్పుడు తీసేది. బడిలో పుస్తకం తెరిస్తే తీసి, టీచరు బోర్డు మీద రాస్తే పెట్టుకుని, మళ్ళీ తీసేది. టీచరు కూడా, "ఎంత జాగ్రత్తగా చూసుకుంటోందో," అని మెచ్చుకుంది. రఫ్ఫు అక్క పొంగిపోయింది. ఇక బయట ఆటలంటారా, పీట ఎక్కిన పిల్ల దిగితే కదా.

మళ్ళీ కళ్ళ పరీక్ష రోజు వచ్చింది. అక్షరాలక్క ముందు కళ్ళజోడు చేతిలోకి తీసుకుంది. తిప్పి చూసింది.

"అబ్బో, ఇన్నాళ్ళయినా కొత్తదాన్లా ఉంచావే. ముక్కు మీద ఆనే చోట కూడా అరగలేదు."

ఉడత గర్వంగా తల్లి వైపు చూసింది. తల్లి ఇంకా గర్వంగా కూర్చుంది.

పరీక్ష అయ్యాక అక్షరాలక్క కాగితం మీద అంకెలు చూసుకుంది. ఇంకోసారి చేసింది. కన్ను పొడుగు కొలిచే మిషన్ దగ్గర మళ్ళీ కూర్చోబెట్టింది.

"నాలుగు దాటిందమ్మా," అంది మెల్లగా. "పోయినేడాది పెరిగినట్టే పెరిగింది. అసలు అద్దాలే వాడనట్టుంది."

పిల్ల ఏడుస్తుందేమోనని రఫ్ఫు అక్క ఒళ్ళోకి లాక్కోబోయింది. ఉడత ఏడవడం లేదు. ముందు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతోంది.

"ఎందుకే నవ్వుతున్నావు?" అంది అక్షరాలక్క.

"నంబరు పెరిగిందిగా. ఇంక నాకు నూగు కనపడుతుంది."

"నూగేంటి?"

"పోగు మీద ఉంటుందిగా, అది. అమ్మకి కనపడుతుంది, నాకు కనపడదు. నా కళ్ళు ఇంకా చిన్నవి. అమ్మ నంబరంత వస్తే నేనూ రఫ్ఫు చేస్తాను. అమ్మంత బాగా."

అక్షరాలక్క చాలా మెత్తగా, ఒక్కొక్కటీ అడిగింది. బొమ్మలు వేసేటప్పుడు కళ్ళజోడు ఉంటుందా? చదివేటప్పుడు? సాయంత్రం? ఉడత అన్నిటికీ హుషారుగా చెప్పింది. "దగ్గర పనికి తీసెయ్యాలి కదా. అమ్మ కూడా తీస్తుంది."

"అమ్మా," అంది ఆ అమ్మాయి, తల్లి ముఖంలోకి చూడకుండా. "సంచీలో ఉన్న అద్దం కంటికి ఏం చెయ్యగలదు? దగ్గర చూసేటప్పుడు కూడా ఉండాలి. నేనే ఇంకొంచెం విడమరిచి చెప్పాల్సింది."

"నువ్వు చెప్పావు తల్లీ," అంది రఫ్ఫు అక్క. "నాకే వినపడలేదు."

ఇప్పటికైనా సరిగ్గా వాడితే ముందుముందు నెమ్మదించొచ్చనీ, సాగిన కన్ను మాత్రం వెనక్కి రాదనీ చెప్పి పంపించింది.

బస్సులో ఉడత కిటికీ పక్కన కూర్చుంది. "నాలుగంటే ఎక్కువా అమ్మా? నీకెంత?"

రఫ్ఫు అక్క పిల్ల ముక్కు మీద కళ్ళజోడు సర్దింది. కేకలెయ్యాలంటే ఎవరి మీద వెయ్యాలి? కళ్ళజోడు తియ్యొద్దని రేపట్నుంచి చెప్పొచ్చు, పిల్ల వింటుంది కూడా. కానీ లోపల ఆ కోరిక ఉన్నంతకాలం ఎవరూ చూడనప్పుడు తీస్తుంది. నంబరు పెరగాలని దేవుణ్ణి కోరుకుంటున్న పిల్లకి ఏ అద్దం పెట్టి ఏం లాభం? ఆ కోరికని చంపాలి. అంటే అమ్మ కళ్ళు గొప్పవన్న మాట చంపాలి. పుట్టి బుద్ధెరిగాక ఆ కళ్ళని ఆరాధించినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. ముసలాయన పోయాడు. మిగిలింది ఈ పిల్లే.

ఇంటికి వచ్చాక తలుపు వేసి, కళ్ళజోడు తీసి, గదిలో నేల మీద కూర్చుంది.

"ఉడతా, ఒక ఆట ఆడదాం. నేను కుడి కన్ను చేత్తో మూసుకుంటాను. ఎడమది తెరిచే ఉంచుతాను. నువ్వు చప్పుడు చెయ్యకుండా ఎక్కడైనా నిలబడు. నేను పట్టుకుంటాను."

"కన్ను తెరిచి పెడితే దొంగాట కదా."

"ఆడు, చెబుతాను."

ఉడత నవ్వు ఆపుకుంటూ మంచం పక్కన నిలబడింది. తల్లి తలుపు వైపు చేతులు చాచింది. పిల్ల కిసుక్కుమంది. తల్లి అటు తిరిగేలోపు మునివేళ్ళ మీద జరిగి సరిగ్గా ముందుకొచ్చి వంగింది, ముఖంలో ముఖం పెట్టి. తల్లి ఎడమ కన్ను నిండా తెరుచుకుని తనవైపే ఉంది. చెయ్యి మాత్రం పక్కన గోడని తడుముతోంది.

ఉడత నాలుక చాపింది. కన్ను కదల్లేదు. చెయ్యి ఊపింది. కదల్లేదు.

నవ్వు ఆగిపోయింది.

"అమ్మా, నేనిక్కడే ఉన్నాను."

"ఎక్కడ?"

"ఇక్కడే. నీ ముందే. రెస్టు తీసుకుంటోందన్నావుగా ఆ కన్ను. ఇంకెప్పుడు లేస్తుంది?"

"లేవదమ్మా. అబద్ధం చెప్పాను. అది పోయింది. నంబరు పెరిగి పెరిగి పోయింది. రెండోది కూడా ఏనాడు ఏమవుతుందోనని రోజూ పొద్దున్న కళ్ళు తెరవడానికి నాకు భయం. నావి గొప్ప కళ్ళు కావు. చెడిపోయిన కళ్ళు. చెడిపోయిన కళ్ళతో చెయ్యగలిగిన పని ఒకటి దొరికింది, చేసుకుంటున్నాను. నీకు ఇవి వద్దు."

కుడి కంటి మీద చెయ్యి తీసింది. అంత దగ్గరలో, కళ్ళజోడు లేకుండా, కూతురి ముఖం ఎంత స్పష్టంగా కనపడిందంటే, కిందపెదవి వణకడం, రెప్ప చివర నీటిబొట్టు తయారవడం, అన్నీ కనపడ్డాయి. ఆ ముఖంలోంచి ఒక నమ్మకం వెళ్ళిపోవడం కూడా చూసింది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి తలుపు అవతల నిలబడ్డ భర్త లోపలికి రాలేకపోయాడు.

ఆ రోజు నుంచి ఉడత కళ్ళజోడు తియ్యలేదు. తియ్యమన్నా తియ్యలేదు. నిద్రలో జారిపోతే ఉలిక్కిపడి లేచి తడుముకునేది. ముఖం కడుక్కునేటప్పుడు తండ్రి చేతికిచ్చి, ఆయన చెయ్యి వదిలేది కాదు. బడి అవగానే పిల్లలతో మైదానానికి పోయేది. ఇస్త్రీ గదిలోంచి బాబాయి, అంటే ఉడతకి లాండ్రీ తాత, "ఏమే ఉడతా, మీ అమ్మ పిలుస్తోంది, పీట ఖాళీగా ఉంది," అంటే, "నేను బయట ఉండాలి తాతా," అని గుమ్మం దగ్గరే బడి సంచీ పడేసి వెళ్ళిపోయేది. ఉండాలి అనేది. ఆడుకుంటాననేది కాదు.

ఒకసారి రఫ్ఫు అక్క ఉండబట్టలేక, "కళ్ళజోడు పెట్టుకునే చూడొచ్చట, కాస్త ఎడంగా. రా, ఈ అల్లిక చూద్దువుగానీ," అంది.

ఉడత గుమ్మంలోంచే తల అడ్డంగా ఊపింది. "నాకు ఆ పని వద్దమ్మా."

తల్లికి ఆ తల ఊపడం మసకగా తెలిసింది. వద్దన్నమాట మాత్రం తేటగా వినపడింది. తను కోరుకున్నది అదే కదా. చేతిలో పోగు తెగిపోయింది. కొత్తది లాగి మళ్ళీ మొదట్నుంచి నేసుకుంటూ వచ్చింది.

తర్వాతి పరీక్షలో అక్షరాలక్క ముఖం వెలిగింది. "చాలా కొద్దిగానే పెరిగిందమ్మా. పోయినసారితో పోలిస్తే లేనట్టే. ఇలాగే వాడండి." ఈసారి వెంట వచ్చిన భర్త ఆ మాట విని ముఖం అటు తిప్పుకుని కళ్ళు తుడుచుకున్నాడు. రఫ్ఫు అక్క ఆ అమ్మాయి రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఉడత నవ్వలేదు. "మా అమ్మ కుడి కన్ను కూడా చూడండక్కా," అంది. "వెంట్రుకలాంటిది ఏమైనా కనపడిందేమో రోజూ అడుగుతున్నాను. లేదంటోంది. నిజం చెబుతుందో లేదో తెలీదు."

తండ్రి డ్యూటీకి వెళ్ళిపోయాడు, తల్లీకూతుళ్ళు బయటికి వచ్చి రోడ్డు దాటాలి. ఎప్పుడూ తల్లి కుడిపక్కన, కబుర్లు చెబుతూ నడిచే పిల్ల చుట్టూ తిరిగి ఎడమ పక్కకి వచ్చింది. ఆ పక్కనుంచి వచ్చే బండ్లు తల్లికి కనపడవు. పెద్దవాళ్ళు పట్టుకున్నట్టు మోచెయ్యి పట్టుకుంది.

"ఆగు. ఇప్పుడు కాదు. ఇంకొకటి వస్తోంది."

రఫ్ఫు అక్క ఆగింది. ఎడమవైపు తల తిప్పి కూతుర్ని చూడబోయి, చూడకుండానే ఊరుకుంది. తొమ్మిదేళ్ళు నిండని చెయ్యి అది. దాని బిగువు తెలుస్తోంది.

"ఇప్పుడు రా," అంది ఉడత.

ఇంతేనండీ. ఉడత నంబరు ఇప్పుడు మెల్లగా నడుస్తోంది, తల్లి కుడి కన్ను ఇంకా పనిచేస్తోంది. మీ చుట్టాల్లోనో పక్కింట్లోనో కళ్ళజోడున్న పిల్లలు ఉంటే, వాళ్ళ అమ్మానాన్నలకి ఈ కథ చేరవెయ్యండి. అద్దాలు ఎలా వాడాలో డాక్టర్ని ఒకటికి రెండుసార్లు అడగమనండి, అడగడానికి సిగ్గుపడొద్దనండి. ఫోన్లు లేని పెద్దవాళ్ళుంటే మీరే పక్కన కూర్చుని వినిపించండి. ఉంటాను మరి.